మూడో సీసాకు నేనిచ్చిన తీర్పు

మొన్న శనివారం దమ్మపేటలో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. అక్కడున్నవాళ్ళూ నవ్వారు. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది, ఇంత బాధ ఉండేది కాదు!

తప్పంతా నా ముక్కుది. నేను ఆబ్కారీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యానని మీకు తెలుసు. అడవి పల్లెల్లో పట్టుకున్న ఇప్పసారా డబ్బాలు స్టేషన్‌కు వస్తే, ల్యాబ్‌కు పంపేలోపే మూత తీసి నా ముందు పెట్టేవాళ్ళు. ఒక్కసారి వాసన చూసి చెప్పేసేవాణ్ణి. పొగ వాసన వస్తే కుండ అడుగంటినట్టు. మందుల వాసన వస్తే ఏదో కలిపినట్టు. రెండింటికీ ఒకటే శిక్ష, పారబోయడం. పైగా ఖమ్మంలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి. మా ప్రాక్టికల్స్‌లో అమ్మోనియా సీసా ఎవరు ముందు వాసన చూడాలన్నా నన్నే తోసేవాళ్ళు, అది వేరే కథ. సత్తుపల్లిలో మా ఇంట్లో ఇప్పటికీ పాలు విరిగాయా లేదా అన్నది మా ఆవిడ నా ముక్కు దగ్గర గిన్నె పెట్టే తేలుస్తుంది.

శుక్రవారం పొద్దున దానియేలు ఫోన్ చేశాడు. దానియేలు దమ్మపేట వైపు సర్కారు దవాఖానాల్లో కాంపౌండర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. నా పాత దోస్తు.

"సారూ, రేపు నువ్వు జల్దీ రావాలె. మా యోహాను బావ ఆదివారం వస్తుండు."

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. ఆ బావ పేరు ఆ ఇంట్లో విని పదకొండేళ్ళు! ఆయన ఓడల్లో ఇంజిన్ రూమ్‌లో పనిచేసేవాడు. దానియేలు అక్క సుశీలమ్మ పోయినప్పుడు ఓడ సముద్రం మధ్యలో ఉంది. సమాధి కార్యక్రమానికి ఆయన రాలేదు. దానియేలు ఫోన్‌లో "ఇంక నా గడప తొక్కకు" అన్నాడు. ఆయన తొక్కలేదు. ఇద్దరూ మొండివాళ్ళే.

ఇప్పుడు ఆయనే ముందుగా మూడు స్కాచ్ సీసాలు చుట్టం చేతికిచ్చి పంపాడట. మూడూ ఒకే బట్టీవి, సింగిల్ మాల్ట్. "మూడూ రుచి చూసి, ఏది ఎట్లుందో చెప్పురా. ఆదివారం ప్రార్థన అయినంక వస్తా. అప్పుడు నీకు ఒక మాట చెప్పాలె" అని ఆ చుట్టంతోనే కబురు పెట్టాడట.

"నాకేం తెలుస్తది సారూ స్కాచ్ సంగతి? ఇన్నేండ్లకు వస్తున్న మనిషి ముందు తెల్లమొహం వెయ్యొద్దు. నువ్వు చదువుకున్నోడివి."

చదువుకున్నోడివి అనేసరికి నేను మర్నాడు పొద్దున్నే బస్సెక్కేశాను. ఆ దారి పొడుగునా పామాయిల్ తోటలు చూస్తూ, ఏమేం మాటలు వాడాలో మనసులో రిహార్సల్ వేసుకున్నాను. 'సువాసన', 'గాఢత', 'పాకం'. 'పాకం' నాకే బాగా నచ్చింది.

శనివారం మధ్యాహ్నం, వెనక వరండా. దానియేలు దవాఖానాలో మందు కొలిచే తన పాత గ్లాసులు, గీతలు ఉన్నవి, ఆరు కడిగి పెట్టాడు. ఒక్కో గ్లాసులో సరిగ్గా గీత దాకా పోశాడు, చుక్క అటూ ఇటూ కాలేదు.

"భోజనానికి ముందా, తర్వాతనా?" అన్నాను.

"రోజుకు మూడు పూటలు. సీసా బాగా ఊపి తాగాలె" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. లోపల పల్లీలు వేయిస్తున్న ఆయన భార్య రూతమ్మ, "మొదలుపెట్టకముందే ఎక్కినట్టుంది" అంది.

మొదటి సీసా పన్నెండేళ్ళది. తేనె వాసన. కాస్త ఆగితే ఎండబెట్టిన ఇప్పపువ్వు వాసన! ప్రాణం లేచొచ్చింది. "పాకం బాగుంది" అన్నాను. దానియేలు ఒక పాత ప్రిస్క్రిప్షన్ చీటీ వెనక రాసుకున్నాడు.

రెండోది పద్దెనిమిదేళ్ళది. ఖర్జూరం, ఎండుద్రాక్ష. రూతమ్మ వాసన మటుకు చూసి, "ఇది మా క్రిస్మస్ కేకే" అని లోపలికి పోయింది. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయాను. అదే రాయించాను.

మూడోది... మూత తీయగానే నా ముక్కు పోలీసు కుక్కలా నిలబడింది. పొగ! పచ్చి పొగ! దాని వెనక మందుల వాసన. లేబుల్ మీద వయసు లేదు. ఏదో అర్థంకాని భాషలో పెద్ద పేరు ఉంది, అంతే.

"దానియేలూ, ఇది అడుగంటింది."

ఆయనా వాసన చూశాడు. మొహం మారిపోయింది. "సారూ, ఇది టింక్చర్ అయోడిన్! ముప్పై ఐదేండ్లు పుండ్లకు పూసిన, నాకు తెల్వదా?"

కొంచెం నాలుక మీద వేసుకున్నాం. ఉప్పుచేప కాల్చిన పొయ్యిలో ఆస్పత్రి దూది వేసినట్టుంది. ఇద్దరం ఉమ్మేశాం. ఒకడు సారా నిపుణుడు, ఇంకొకడు టింక్చర్ నిపుణుడు. ఇంక అప్పీలు ఏముంటుంది?

"పాపం బావను ఎవడో మోసం చేసిండు" అన్నాడు దానియేలు. "రేపు ఆయన ముందు ఇది పోస్తే, ఎంత సిగ్గుపడతడు? ఇన్నేండ్లకు వస్తుండు."

ఆ మాట నన్ను కదిలించింది. "ఆయనకు తెలియనివ్వొద్దు. మూడూ బాగున్నాయి, మూడోది తాగేశామని చెబుదాం. దీన్ని పారబోసెయ్" అన్నాను.

రూతమ్మ గుమ్మంలోంచి అడ్డుపడింది. "పారబోయడం దేనికి? ఫినాయిల్ అయిపోయింది. ఇదేమో అదే కంపు కొడుతుంది."

అక్కడ ఆగి ఉన్నా బతికిపోయేవాణ్ణి. కానీ బీఎస్సీ ఊరుకోనివ్వదు కదా! "మంచి ఐడియా అమ్మా. ఆల్కహాల్ క్రిములను చంపుతుంది. ఫినాయిల్ కంటే ఇదే మేలు" అన్నాను. సీసా ఖాళీ చేసి, ఫినాయిల్ డబ్బాలోకి గరాటుతో నేనే పోశాను. చుక్క కింద పడకుండా పోశానని మెచ్చుకున్నారు కూడా.

ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. యోహాను గారు వచ్చారు. జుట్టంతా తెల్లబడింది, కొంచెం వంగిపోయారు. దానియేలు "రా" అన్నాడు కానీ "బావా" అనలేదు. ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్ళారు.

వెళ్ళినవాడు రాడే! నీళ్ళ చప్పుడు కూడా లేదు. దానియేలు లేచి తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఆయనే బయటికి వచ్చారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఫినాయిల్ ఘాటు ఎక్కువైందా అన్నయ్యా?" అంది రూతమ్మ.

"అమ్మా, మీ బాత్రూంలో నా మూడో సీసా వాసన వస్తుంది. ఏంది కథ?"

నేను పల్లీలు లెక్కపెట్టుకుంటున్నాను. ఆయనే కుర్చీలో కూర్చొని మెల్లగా చెప్పారు.

"సుశీల పోయిన కబురు నాకు ఓడలో అందింది. దిగే తావు లేదు. మా చీఫ్ ఇంజనీర్, స్కాట్లండు ముసలాయన, టీ మగ్గులో ఇదే పోసి నా చేతిల పెట్టిండు. వాళ్ళ దిక్కు నేలబొగ్గు లాంటి మట్టిని కాల్చి, ఆ పొగ పట్టించి చేస్తరంట. ఆ పొగ వాసనలో మొహం పెట్టి ఏడ్చిన దానియేలూ. కళ్ళు పొగకు మండుతున్నయని చెప్పిన అందరికీ. ఇన్నేండ్లు వెతికిన, ఆ పేరు గుర్తులేక. మొన్న దొరికింది. నీతో కూర్చొని తాగి, ఆ రోజు సంగతి చెబుదామని తెచ్చిన."

నా వైపు ఎవరూ చూడలేదు. అదే ఇంకా ఘోరం.

"యోహాను గారూ, తప్పు నాది. అడుగంటిందని నేనే చెప్పాను. నేనే పోయించాను" అన్నాను.

"మొత్తమా సారూ?"

నేను రూతమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. "ఇన్నేండ్లకు అన్నయ్య వస్తుండని... మొత్తం పోసి రెండుసార్లు కడిగిన."

ఆయన బాత్రూం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. తర్వాత నవ్వు మొదలైంది. కుర్చీ కదిలేంత నవ్వు! దానియేలు కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, "బావా" అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత ఆ మాట నా చెవులతో నేను విన్నాను. అందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

దానియేలు ఖాళీ సీసా తెచ్చి, మందు గ్లాసు మీద బోర్లించి పట్టుకున్నాడు. కాంపౌండర్ చెయ్యి, వణకలేదు. ఒక్కొక్క చుక్కే దిగింది. అయిదు నిమిషాలకు గ్లాసు అడుగు తడిసింది. దాన్ని రెండు గ్లాసుల్లోకి సమానంగా పంచాడు. బావా బామ్మర్దులు రెండు ప్లాస్టిక్ కుర్చీలు బాత్రూం తలుపు ముందుకు జరుపుకొని, తలుపు బార్లా తెరిచి కూర్చున్నారు.

"గాలి మంచిగొస్తుందా బావా?"

"సరిగ్గా ఓడలో లెక్కనే ఉందిరా."

సాయంత్రం దాకా అక్కడే కూర్చొని సుశీలమ్మ గురించి మాట్లాడుకున్నారు. నాకు క్రిస్మస్ కేకు సీసాలోది పోసి ఇచ్చారు. బాగుంది. గ్లాసు సగంలోనే పక్కన పెట్టాను.

బస్సెక్కించడానికి వచ్చిన రూతమ్మ నన్ను ఊరడించాలనే అంది. "బాధపడకండి సారూ. మా బాత్రూం ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. మళ్ళీ ఫినాయిల్ అయిపోతే మీకు ఫోన్ చేస్తా."

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. తెల్లారి పాలగిన్నె నా ముక్కు దాకా తెచ్చి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తీసుకుపోయి తనే వాసన చూసుకుంది.