అత్తమ్మ వడ్డించే నల్లి బొక్క

సిద్దిపేటలో నాది స్టీలు సామాన్ల దుకాణం. ఈమధ్య గిన్నెలు, బిందెల కంటే నూనె తక్కువ పట్టే పెనాలు, నూనె లేకుండా వేయించే మిషన్లే ఎక్కువగా అమ్ముడుపోతున్నాయి. కొనడానికి వచ్చినవాళ్లకు నా ఉపన్యాసం ఉచితం. నూనె రకం మారిస్తే సరిపోదు, మోతాదు తగ్గించాలి. ఒకసారి కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు. మాంసం తిన్నా కొవ్వు తీసేసి తినాలి. ఇవన్నీ మా డాక్టరు నాకు చెప్పిన మాటలే. ఆయన ఫీజు తీసుకుని చెప్పాడు, నేను పెనం అంటగట్టి చెబుతున్నాను.

ఆయన చెప్పిన మాట ఇంకొకటి ఉంది. దాన్ని దుకాణంలో ఎత్తను. నా గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకచోట ఇరుకైంది. ఇప్పటికైతే గోలీలతో నడుస్తుంది, నోరు కట్టుకోకపోతే మాత్రం తర్వాత నా పూచీ లేదన్నాడు. ఆనాటి నుంచి పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద నడుస్తున్నాను. నాతో నడిచే మిత్రులు చెమట ఆరకముందే బండి దగ్గర పూరీలు లాగిస్తారు. నేను పక్కన నిలబడి చక్కెర లేని చాయ్ తాగుతూ వాళ్ల కొలెస్ట్రాల్ కబుర్లు వింటాను. ఇంట్లో నా భార్య నూనె డబ్బాకు కాపలా. చెంచాతో కొలిచి పోస్తుంది, ఆ చెంచా కూడా నా దుకాణందే. ఇదంతా ఓర్చుకోవచ్చు. నాకు ఊపిరాడనిది ప్రజ్ఞాపూర్‌లో.

ప్రజ్ఞాపూర్‌లో మా అత్తమ్మ ఉంటుంది. బస్సులు ఆగేచోట ఆమెకు చిన్న కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. మామయ్య లేడు. మనిషి గట్టిది, ఉద్దెర అడిగినవాడికి ఆమెతో మాట్లాడాలంటే భయం. ఆదివారం మేం వస్తున్నామంటే మాత్రం పొద్దున్నే వెళ్లి యాట మాంసం తెచ్చి వండి, మధ్యాహ్నం కొట్టు మూసేసి కూర్చుంటుంది.

నా పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో నల్లి బొక్క కోసం పోటీ ఉండేది. లోపల మూలుగ నిండిన ఆ ఎముకలు కూరలో ఒకటో రెండో పడతాయి. అల్లుడిని కదా, మర్యాదకు నా కంచంలో వేయబోయేది అత్తమ్మ. ఆమె కొడుకు, నా బావమరిది, వెంటనే తన కంచం చాపేవాడు.

"బావకు పీల్చుడు రాదే అవ్వా. ఇటు ఎయ్యి."

నిజంగానే నాకు రాదు. అతను మాత్రం ఎముకను కంచానికి టకటకా కొట్టి, ఒక్క పీల్పుతో మూలుగంతా లాగేసేవాడు. కొవ్వు ముక్కలూ అతనికే. అత్తమ్మ గంటెతో గిన్నె అడుగు దాకా వెతికి ఏరి పెట్టేది. నాకు వచ్చేవన్నీ మర్యాద ముక్కలు. కొంచెం ఈర్ష్యగా ఉండేది.

ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాకుండానే అతను పోయాడు. కంపెనీలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఛాతీలో నొప్పి అన్నాడు. దవాఖానలో డాక్టరు నన్నూ నా భార్యనూ పక్కకు పిలిచి, నాళాల్లో కొవ్వు పేరుకుని పూర్తిగా మూసుకుపోయాయని చెప్పాడు. సిగరెట్లు, నిద్ర లేకపోవడం, తిండి, ఒంటితత్వం, అన్నీ కలిసి వచ్చాయన్నాడు. సాయంత్రానికి అంతా అయిపోయింది. బయట బెంచీ మీద కూర్చున్న అత్తమ్మకు మేం ఒక్కటే చెప్పాం. రాత్రి డ్యూటీలతో గుండె అలసిపోయిందని. ఆమె ఆ మాట పట్టుకుంది. ఇప్పటికీ కంపెనీ బస్సు కొట్టు ముందు ఆగితే "నా కొడుకును మింగిన బండి" అని మొహం తిప్పుకుంటుంది.

దినాలు అయ్యాక కొన్నాళ్లు ఆమె సరిగ్గా తినలేదు, పొయ్యి కూడా సరిగ్గా ముట్టించలేదు. తర్వాత ఒక ఆదివారం మేం వెళ్లేసరికి కూర వాసన వచ్చింది. కూర్చోగానే నల్లి బొక్క నా కంచంలో పడింది, దాని వెంట కొవ్వు ముక్కలు. అప్పటిదాకా నన్ను "మీరు" అనేది. ఆ రోజు "తిను కొడుకా" అంది. నేను తడబడుతుంటే ఎముకను కంచానికి ఎట్లా కొట్టాలో తనే చూపించింది. నేను పీల్చాను. అప్పుడు ఆమె తనకు అన్నం పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత తల్లి కడుపునిండా తినడం చూసి నా భార్య కళ్లు తుడుచుకుంది.

నా గుండె సంగతి బయటపడింది ఆ తర్వాతే. వద్దు అనడానికి నేను వేయని వేషం లేదు. ఉగాది దాకా సాగే జాతర రోజుల్లో కొమురవెల్లి మల్లన్నకు ఆదివారాలు ఒక్కపొద్దు అన్నాను. ఆమె దండం పెట్టుకుని, ఉగాది వెళ్లాక అన్ని వారాల బాకీ ఒక్కసారే వడ్డించింది. పన్ను నొప్పి అన్నాను. చెంచా కాడతో మూలుగ తీసి అన్నంలో కలిపి పెట్టింది. దుకాణంలో పని అని మొహం చాటేస్తే టిఫిన్ డబ్బాలో కూర పెట్టి, తెలిసిన కండక్టరుతో బస్సులో పంపింది.

"మీరే చెప్పున్రి" అంటుంది నా భార్య.

"మీ అవ్వ కదా, నువ్వే చెప్పు" అంటాను నేను.

"ఏమని చెప్పాలె?"

అక్కడే ఇద్దరం ఆగిపోతాం. కొవ్వు గుండెకు మంచిది కాదని ఆమెకు చెప్పడం ఎంతసేపు? కానీ ఆమె చిన్నపిల్ల కాదు. నా గుండె దగ్గర మొదలుపెట్టి కొడుకు కంచం దాకా ఆమె ఆలోచన క్షణంలో వెళుతుంది. సిగరెట్లు, నిద్ర, ఒంటితత్వం అని మేం ఎంత చెప్పినా ఆమెకు వినపడవు. గంటె పట్టుకున్న తన చెయ్యే కనపడుతుంది. ఊరందరికీ పెనాలు అమ్ముతూ దంచి చెప్పే మాట, ఒక్క మనిషి దగ్గర నా నోట్లోంచి రాదు. నాకు కోపం వస్తుంది. అత్తమ్మ మీద, దవాఖానలో అబద్ధం చెప్పిన మా ఇద్దరి మీద, చివరికి పోయినవాడి మీద కూడా వస్తుంది.

మొన్న డాక్టరు రిపోర్టులు చూసి నన్ను కడిగేశాడు. గోలీలు ఒకవైపు లాగుతుంటే మీ నోరు ఇంకోవైపు లాగుతోందన్నాడు. నా భార్య పక్కనే కూర్చుని అంతా విన్నది. ఆ ఆదివారం ప్రజ్ఞాపూర్‌లో అత్తమ్మ గంటె నా కంచం మీదికి రాగానే నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనకు ఎయ్యకే అవ్వా."

"ఎందుకే?"

"డాక్టరు కొవ్వు తినొద్దన్నడు."

"ఎందుకు తినొద్దట?"

గంటె అట్లాగే ఆగి ఉంది, పులుసు చాప మీద పడుతోంది.

"గుండెకా?" అంది అత్తమ్మ.

ఆమె ఎముకను తిరిగి గిన్నెలో వేసి, గంటె కింద పెట్టి, చేతిని కొంగుకు తుడుచుకుంది. తుడిచిన చేతినే మళ్లీ తుడిచింది. తర్వాత కూతురిని కాదు, నన్ను అడిగింది.

"నిజం చెప్పు కొడుకా. వానికి గూడ గిదేనా?"

"కాదత్తమ్మా" అన్నాను. "వానిది డ్యూటీలతోని అయింది. నాది గుండె కాదు, కడుపుల మంట. కొన్నిరోజులు ఆపుమన్నడు గంతే. గిప్పుడు తగ్గింది."

ఆమె నా మొహంలోకే చూస్తోంది. మాటతో అయ్యేట్టు లేదు. గిన్నె నా వైపు లాక్కున్నాను. నల్లి బొక్క తీసి, కంచానికి టకటకా కొట్టి, మూలుగంతా ఒక్క పీల్పుతో లాగాను. నా భార్య లేచి మూసి ఉన్న కొట్టులోకి వెళ్లిపోయింది.

అత్తమ్మ నమ్మిందో లేదో నాకు తెలియదు. కాసేపటికి కంచం తెచ్చుకుని తనకూ అన్నం పెట్టుకుంది. గిన్నెలో వెతికి ఇంకో కొవ్వు ముక్క ఏరి నా అన్నం మీద వేసింది.

"తిను కొడుకా."

తిన్నాను. భయపడుతూనే తిన్నాను. దాచడమెందుకు, చాలా కమ్మగా ఉంది.