అక్క చెప్పని నొప్పి

హసన్‌పర్తిలో కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ఆడుతూ అక్క బాల్ కోసం ఎగిరి దిగగానే కుడి మోకాలు లోపలికి వంగింది. పడలేదు. మిగిలిన కాసేపూ ఆడింది. ఇంటికొచ్చాక మాత్రం షూ విప్పమని నన్ను అడిగింది. తన షూ ఎవరినీ ముట్టనివ్వని మనిషి. ఏదో జరిగిందని నాకు అప్పుడే అనిపించింది.

అక్క రాష్ట్ర జట్టులో పాయింట్ గార్డ్. హనుమకొండలో నాన్న బట్టల దుకాణం తెరవకముందే గ్రౌండ్‌కు వెళ్లొచ్చేది. ఎడమ చేతి డ్రిబుల్ కుదరాలని ఎడమ చేత్తోనే అన్నం తినేది. అమ్మ తిడుతుందని పెరట్లో కూర్చుని తినేది. నాకైతే పుస్తకాలు, డైరీ తప్ప మరో లోకం లేదు.

ఎమ్మారై చూసి డాక్టర్ “ఏసీఎల్ కంప్లీట్ టేర్. మోకాలి లోపలి లిగమెంట్ మొత్తం తెగింది. సర్జరీ చేయాలె. తర్వాత తొందరపడొద్దు” అన్నారు.

సర్జరీ అయ్యాక జట్టు వాళ్లంతా వచ్చారు. “మంచం మీద కూసోని కూడా మమ్మల్ని ఉరికిస్తవా ఏందక్కా?” అని ఏడిపించారు. తర్వాత వాళ్లకు క్యాంప్ మొదలైంది. ఇక ఎవరూ రాలేదు. అక్క పడుకునే బాల్ పైకి విసిరి పట్టుకునేది. నేను పుస్తకం ముందు పెట్టుకుని ఆ చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఒకే గదిలో ఉన్నా మా మధ్య పెద్దగా మాటలు ఉండేవి కావు.

రివ్యూకు వెళ్లినప్పుడల్లా డాక్టర్ “నొప్పి పదికి ఎంత?” అనేవారు.

“రెండు సార్.”

ఎప్పుడడిగినా రెండే. ఆటలో కోచ్‌కు చెప్పే జవాబు అది. ఎక్కువ చెబితే బెంచీ మీద కూర్చోబెడతారు. డాక్టర్ నమ్మి ఎక్సర్‌సైజులు పెంచమన్నారు. ఇంట్లో అక్క మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగేది. నేను చూస్తూనే ఉన్నాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

ఒక పొద్దున మోకాలు ఉబ్బిపోయింది.

“ఫ్లూయిడ్ చేరింది. తెగిన లిగమెంట్ బదులు వేసిన గ్రాఫ్ట్ దెబ్బతింటే మళ్లా ఆపరేషనే. ఆట సంగతి నేను చెప్పలేను” అన్నారు డాక్టర్. మళ్లీ అదే ప్రశ్న వేశారు. అక్క మళ్లీ రెండే అంది.

నేను నేల వైపు చూస్తూ చెప్పాను. “అబద్ధం సార్. మెట్లు కూసోని దిగుతాంది. అరుపు వినపడకుండ తలగడ కొరుకుతాంది.”

బయటికొచ్చాక అక్క “నువ్వు ఎవరి టీమే?” అంది. అంతే. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. దవాఖానకు ఆటోలో పక్కపక్కనే కూర్చుని చెరో వైపు చూసేవాళ్లం.

సిరంజీతో ఫ్లూయిడ్ తీసి, ఎక్సర్‌సైజులు తగ్గించారు. డాక్టర్ ప్రశ్న కూడా మార్చారు. “నొప్పి సంగతి వద్దమ్మా. ఇయాల ఏ పని చేయలేకపోయినవో చెప్పు.”

“చేతులు ఆనించకుండ కుర్చీల నుంచి లేవలేకపోయిన” అంది అక్క. తప్పిన షాట్ గురించి చెప్పినట్టే, దాచకుండా చెప్పింది. తనకు రాని పనిని సాధన చేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నొప్పిని ఒప్పుకోవడమే తెలియదు.

గ్రాఫ్ట్ నిలబడింది. అక్క ఇప్పుడు మళ్లీ ఆడుతోంది, వేరే ఊళ్లో. ఫోన్ చేస్తే ప్రాక్టీస్ గురించే చెబుతుంది. ఎవరి టీమే అన్న మాట గురించి మేం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. గదిలో నేనొక్కదాన్నే ఉంటున్నాను.

ఆటలాడే మనిషికి తోడుగా ఉంటున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. నొప్పి ఎంత అని అడగకండి, ఏ పని చేయలేకపోయారో అడగండి. అప్పటికీ దాస్తే డాక్టర్ దగ్గర, వాళ్ల ముందే మీరు చెప్పండి. కొన్నాళ్లు మీతో మాట్లాడకపోతే మాట్లాడకపోనివ్వండి.