అమ్మ చెప్పిన అబద్ధం

యుద్ధం ముగిసి పటాలం నుంచి తిరిగొచ్చాక పాత మోటారు సైకిలు కొన్నాను. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని నరసరావుపేట నుంచి మా ఊరు నూజెండ్ల వచ్చాను. అందరూ చూస్తున్నారన్న గొప్పలో, నా కాళ్లు నేలకి సరిగ్గా ఆనకముందే "దిగమ్మా" అన్నాను. ఆమె దిగబోతుండగా బండి ఆమె మీదికి ఒరిగింది. నేను పట్టలేకపోయాను. అమ్మ మోకాలు చితికింది.

పక్కింటి కోడలు పరుగెత్తుకొచ్చి, "ఏందత్తా, ఎట్టా పడ్డావు?" అంది.

"వాడు ఆగమంటానే ఉన్నాడమ్మా. నేనే తొందరపడి దిగా" అంది అమ్మ.

నేను ఆగమనలేదు. వంగి బండి పైకి లేపాను.

బతికినన్నాళ్లూ అమ్మ కుంటుతూనే నడిచింది. ఎవరడిగినా అదే చెప్పింది. ఆమె పోయాక, ముక్కూమొహం తెలియని మీకు ఇప్పుడు చెబుతున్నాను. దిగమన్నది నేనే.