అరవై ప్రశ్నలకు అమ్మ జవాబులు

అన్నం తిన్నావా, బస్సు దొరికిందా, జడ ఎందుకట్లా వేసుకున్నావు అని మా అమ్మ నన్ను రోజుకు వంద అడిగేది. విసుక్కుంటూనైనా అన్నిటికీ జవాబు చెప్పాను. ఒక్కదానికి మాత్రం అబద్ధం చెప్పాను. "నాకేమొచ్చె పాపా?" అని అడిగింది. ఏమీ రాలేదన్నాను. నిజానికి వచ్చింది. అదేమిటో తెలుసుకోకుండానే ఆమె పోయింది.

ఇదంతా ఒక ఆన్‌లైన్ కోర్సుతో మొదలైంది. డిగ్రీ ఆఖరి సెమిస్టరులో మేము కాలేజీకి పోవాల్సిన పని లేదు. ఎక్కడో ఒక చోట ఇంటర్న్‌షిప్ చేయాలి, దానితో పాటు ఫోనులో ఒక కోర్సు పూర్తి చేయాలి. మా బ్యాచ్‌కు కెరీర్ ప్లానింగ్ ఇచ్చారు. మన ఇష్టాలేమిటో, మనకు ఏ పని సరిపోతుందో తెలుసుకుని జీవితాన్ని దాని ప్రకారం నడుపుకోవడం నేర్పిస్తారట. మంగంపేట చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. అక్కడ పని ముందే ఉంటుంది, మనుషులే దానికి సరిపోవాలి. మగవాళ్లకు గని, లేకపోతే లారీ. ఆడవాళ్లకు ముగ్గురాయి మిల్లు. నాన్న లారీ తోలేవాడు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. అమ్మ మిల్లులో రాళ్లు ఏరేది.

ముగ్గురాయి చూడటానికి మామూలు బూడిదరంగు రాయే. చేత్తో ఎత్తితేనే దాని బరువు తెలుస్తుంది. దాన్ని పిండి చేసి ఎక్కడో దేశాల్లో నూనెబావులు తవ్వేవాళ్లకు పంపుతారు. పిండి కాకముందు మంచి రాయిని, మట్టిరాయిని వేరు చేయాలి. కుప్ప ముందు చిన్న సుత్తి పట్టుకుని కూర్చుని అమ్మ చేసింది ఆ పనే. అంచు కొట్టి చూసేది, అరచేతిలో ఎగరేసి పట్టుకునేది, ఇటో అటో విసిరేసేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే "చేతికి తెలుస్తాది" అనేది. ఒకసారి జీపులో గనీ, మిల్లూ చూడటానికి ఆఫీసర్లు వచ్చారు. వాళ్లలో నాకంటే కొంచెం పెద్ద అమ్మాయి ఒకతె, మెడలో భూతద్దం వేలాడేసుకుని వచ్చి, అమ్మ పక్కనే గొంతు కూర్చుని, ఒక రాయిని నాలుకతో తడిపి చూసిందట. వారం రోజులు మా ఇంట్లో అదే ముచ్చట. "ఆ పాప రాయిని నాకి చూసె! నేను గూడా చూసినా. తడిస్తే గీతలు బాగా కనపడతాయి" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నాకు సిగ్గేసింది. మా అమ్మ చేసే ప్రతి పనికీ సిగ్గుపడే వయసు నాది.

ఇంకొక సంగతి చెప్పకపోతే ముందు జరిగేది అర్థం కాదు. మాది మూడు తరాలుగా క్రైస్తవ సంఘంలో ఉన్న ఇల్లు. నెలలో మొదటి ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరికి వాళ్లు తమ మనసును పరీక్షించుకోవాలి. ఎవరితోనైనా తప్పు చేసి ఉంటే ముందు పోయి వాళ్ల దగ్గర ఒప్పుకోవాలి, ఆ తర్వాతే బల్ల దగ్గరికి రావాలి. చాలామంది ఒక నిమిషం కళ్లు మూసుకుని లేచి పోతారు. అమ్మ అట్లా కాదు. ఒకసారి జ్వరమని మేస్త్రీకి చెప్పి చుట్టాల ఇంటికి సీమంతానికి పోయింది. ఆ ఆదివారం బల్ల ముట్టకుండా వెనక కూర్చుండిపోయింది. మరుసటి రోజు మేస్త్రీ ముందు నిలబడి ఒప్పుకుంటే ఆయన నవ్వాడట. "ఇదేందమ్మా, రోజూ అందరూ చెప్పేదే గదా" అన్నాడట. ఆయనకు నవ్వొచ్చినా రాకపోయినా అమ్మకు మాత్రం ఆ నెల బల్ల లేదు.

మా ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోను. నాన్న ఏ దారిలో నుంచి ఎప్పుడు చేస్తాడో తెలియదు కాబట్టి అది ఇల్లు కదలకూడదు. నేనేమో కోడూరులో ఒక నెట్ సెంటరులో ఇంటర్న్‌షిప్ పేరుతో రోజంతా జిరాక్సులు తీసేదాన్ని. కోర్సు క్లాసు మధ్యాహ్నం రెండింటికి. మధ్యలో ఎప్పుడైనా తెర మీద 'ఉన్నారా?' అని వస్తుంది. పచ్చబటను నొక్కకపోతే హాజరు పోతుంది. అమ్మ షిఫ్టు ఒంటిగంటకు అయిపోతుంది కాబట్టి ఆ పని ఆమెకు అప్పగించాను.

"నువ్వు లేకుండా ఉండావని చెప్తే అబద్ధం గాదా?" అంది. నేను నెత్తి కొట్టుకున్నాను. కాసేపు ఆలోచించి తనే దారి వెతుక్కుంది. "ఉండారా అని గదా అడిగేది. నేను ఉండా గదా. నేనుండి వింటాలే" అంది. అన్నట్టే విన్నది. ఏడో తరగతి వరకు చదువుకున్న మనిషి, తెలుగు బాగానే చదవగలదు, పాఠాలు చెప్పే మేడం సగం తెలుగులో చెప్పేది. అమ్మ మిల్లు నుంచి వచ్చి, తెల్లటి దుమ్ము పోయేదాకా మొహం కడుక్కుని, చాప పరుచుకుని, గుడిలో కూర్చున్నట్టు తలమీద కొంగు వేసుకుని ఫోను ముందు కూర్చునేదట. ఒకరోజు పొరపాటున మైకు ఆన్‌లో ఉండిపోయింది. మేడం నమస్కారం చెప్పగానే "వందనాలు మేడం" అన్న మా అమ్మ గొంతు నూటేభై మందికి వినిపించింది. మేడం నవ్వకుండా "వందనాలమ్మా" అందట. మా క్లాసు వాట్సాప్ గ్రూపు మాత్రం వారం రోజులు నవ్వింది. ఇంటికొచ్చి నేను అమ్మ మీద అరిచాను. "ఆయమ్మ నమస్కారం పెడ్తే గమ్మునెట్ల ఉంటా?" అంది, అంతే.

నాలుగో వారం పరీక్ష పెట్టారు. మార్కుల పరీక్ష కాదు. తెలుగులో అరవై ప్రశ్నలు, ఒక్కోదానికి బాగా ఇష్టం, ఇష్టం, ఇష్టం లేదు అని మూడు జవాబులు. అవి చూసి ఎవరికి ఏ పని సరిపోతుందో ఆ యాపే చెబుతుంది. ఐదింటికి గడువు. నాకు నాలుగున్నరకు గుర్తొచ్చింది. సెంటరు ఫోను నుంచి ఇంటికి చేశాను.

"మా, దాంట్లో అరవై ఉంటాయి. అన్నిటికీ నడిమిది నొక్కెయ్."

"చదవకుండానా?"

"చదివి ఏం చేస్తావు? నొక్కెయ్ అంతే."

"సరేలే పాపా" అంది.

సాయంత్రం ఇంటికి పోయి చూస్తే ఇంగ్లీషులో రిపోర్టు వచ్చి ఉంది. మొదటి వరుసలో భూగర్భ శాస్త్రం, ఖనిజాల పరిశీలన అని ఉంది. నాకు ఒళ్లు మండింది. నేను చదివింది కామర్స్. రాళ్ల నుంచి తప్పించుకోవడానికే చదివాను. ఇరవై ఏళ్లు మా అమ్మ తలలో దుమ్ము చూసి చూసి, ఒక ఫ్యాను కింద కుర్చీ ఉంటే చాలు అనుకునేదాన్ని. ఈ యాపు నన్ను తీసుకుపోయి మళ్లీ కుప్ప ముందు కూర్చోబెడుతోంది. నడిమిది నొక్కమంటే ఏం చేశావని అమ్మను నిలదీశాను.

ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది. "ఒక్కొక్కటి చదివినా పాపా. నీకు ఇది ఇష్టమా, అది ఇష్టమా అని అడుగుతాండారు. నీ మనసులో ఏముండాదో నాకెట్ల తెలుస్తాది? ఇష్టం లేనిది ఇష్టమని నొక్కితే అబద్ధమే గదా. అందుకని నాది నేను చెప్పినా" అంది. చెబుతున్నప్పుడు ఆమె మొహంలో కొంచెం సిగ్గు, కొంచెం సంతోషం కూడా ఉన్నాయి. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కోపం తప్ప ఏమీ కనపడలేదు.

ఆ రోజే మేడంకు మెసేజ్ పెట్టాను, పొరపాటు జరిగింది, ఇంకోసారి రాయనివ్వండి అని. ఆమె సరేనంది. పది నిమిషాల్లో అరవైకీ నేనే నొక్కేశాను. నాకు ఆఫీసు నిర్వహణ వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత అమ్మ నా జడ వేస్తూ అడిగింది, "నాకేమొచ్చె పాపా?" అని.

"ఏమీ రాలేదు. తప్పు నొక్కినావు, కొట్టేసినారు" అన్నాను.

చెబితే నా సొమ్మేం పోయేది? కానీ చెబితే నవ్వుకుంటూ వీధంతా చెప్పుకుంటుందని, అది మళ్లీ గ్రూపులోకి పోతుందని భయం. అమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. "అంతేలే, ఏడో తరగతికి ఏమొస్తాది" అని మళ్లీ జడ అల్లింది. మిగిలిన రెండు వారాలు క్లాసులు వదలకుండా విన్నది, పచ్చబటను నొక్కింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి వానాకాలం దగ్గు పట్టుకుంది. మొదట చలిగాలి అనుకున్నాం. తిరుపతిలో డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందన్నాడు. చివరి నెలల్లో పడుకుంటే ఊపిరాడేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఆ నెలలన్నీ నేను పక్కనే ఉన్నాను. చెప్పడానికి కావలసినంత టైము ఉంది. నాకు ఆ సంగతి గుర్తు కూడా లేదు.

మొన్న కడపలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. కోర్సు సర్టిఫికెట్ కాపీ కావాలన్నారు. దానికోసం పాత యాపు తెరిస్తే నా రిపోర్టు కింద ఇంకొకటి ఉంది, మొదటి ప్రయత్నం అని. వాళ్లేమీ కొట్టేయలేదు. అమ్మ నొక్కిన అరవై జవాబులూ ఉన్నాయి. ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుని మొదటిసారి వాటిని చదివాను.

వంట చేయడం ఇష్టం లేదట. ఇరవై ఏళ్లు ఆమె చేతి సంగటి తిన్నాను, ఆ సంగతి నాకు తెలియదు. ఒకరు చెప్పినట్టు పని చేయడం ఇష్టం లేదు. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ఇష్టం. ఒకేలా కనిపించే వస్తువుల్లో తేడా కనిపెట్టడం బాగా ఇష్టం. ఒంటరిగా కొత్త ప్రాంతాలకు పోవడం బాగా ఇష్టం. మా అమ్మ అటు తిరుపతి ఆసుపత్రి, ఇటు నాన్న లారీలో ఒకే ఒకసారి ఎర్రగుంట్ల, ఆ రెండూ దాటి ఎక్కడికీ పోలేదు. పిల్లలను చూసుకోవడం అన్న దగ్గర నడిమిది నొక్కింది. బాగా ఇష్టం అని కాదు, ఇష్టం అని. అది చూసి నవ్వొచ్చింది. నా కోసం కూడా ఎక్కువ చేసి చెప్పలేదు మహాతల్లి.

చివర్లో ఒక ఖాళీ గడి ఉంది. బాగా ఇష్టమన్న పనులు చేయాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా, రాయండి అని. అమ్మకు టైపు చేయడం రాదు, మైకు నొక్కి మాట్లాడేది. ఆమె మాటే అక్కడ ఉంది. "రోజూ అనిపిస్తాది మేడం. అడిగినోళ్లు ల్యారు."

ఏడ్చాను. మెట్లెక్కే పిల్లలు చూస్తున్నా ఏడ్చాను. అడిగినవాళ్లు లేని మనిషిని ఒక యాపు అడిగితే, వచ్చిన జవాబును కూడా నేను దక్కనివ్వలేదు. రిపోర్టులో ఏముందో చెబితే ఆమె జీవితం మారిపోయేది కాదు, మరుసటి రోజు కూడా మిల్లుకే పోయేది. కానీ ఆ జీపులో వచ్చిన పిల్లకు ఉన్న బుద్ధే తనకూ ఉందని తెలుసుకుని పోయేది.

ఈ నెల మొదటి ఆదివారం గుడికి పోయాను. బల్ల వేళకు అందరూ లేచారు. నేను వెనక బెంచీలో కూర్చుండిపోయాను. మిల్లులో అమ్మ పక్కన రాళ్లు ఏరిన పెద్దమ్మ నన్ను చూసి ఆగింది.

"ఏమ్మే, రావా?"

"మాయమ్మకు ఒక అబద్ధం చెప్పినా పెద్దమ్మా."

ఆమెకు వెంటనే అందలేదు. రోజూ అందరికీ చెప్పే మాటే అలవాటుగా చెప్పింది. "అట్లయితే ముందు పోయి ఆయమ్మ దగ్గర ఒప్పుకుని..." అంటూనే ఆగిపోయింది.

ముందు వరుసలో వాళ్లు రొట్టె తీసుకుంటున్నారు. పెద్దమ్మ అటు చూసింది, నా వైపు చూసింది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ రోజు ఆమె కూడా బల్ల దగ్గరికి పోలేదు.