అతుకు దగ్గర నిలబడ్డ పిల్ల

మా అమ్మాయి పోయింది. జ్వరమని ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజు, జావ కాచి తీసుకెళ్దామని గాజువాకలో ఇంటికి వచ్చాను. గిన్నె పొయ్యి మీద ఉండగానే ఫోన్ మోగింది. అప్పటి నుంచి ఎవరి ఫోన్ మోగినా ముందు పొయ్యి ఆపేస్తున్నాను.

నేను ఐదో తరగతితో ఆపేశాను. జాకెట్లు కుట్టి పిల్లని పెంచాను. రాతలో తప్పులుంటే మన్నించండి.

ఒక కర్రకి చుట్టూ ఆరు కెమెరాలు బిగించి, ఆరు వైపులా తీసిన వీడియోలని కంప్యూటర్లో ఒక్కటిగా అతకడం మా అమ్మాయి పని. చూసేవాళ్లకి పెళ్లి పందిట్లో నిలబడి చుట్టూ తిరిగి చూసినట్టే ఉండాలి, అతుకు కనపడకూడదు. నాకు అర్థం కాలేదంటే నా చేతిలో జాకెట్టు లాక్కుని చూపించింది.

"నువ్వు కుట్టులోకి గుడ్డ కొంచెం ఎక్కువ ఒగ్గుతావు కదేటమ్మా? మాకూ అంతే. ఈ కెమెరా సూసింది పక్క కెమెరా కూడా కొంచెం సూడాల. లేపోతే అతకదు."

"మరి మనిషి రెండుసార్లు రాదేటే?"

"దగ్గిరగా నిలబడితే వత్తాది, లేపోతే సగం ఎగిరిపోద్ది. అందుకే అతుకు దగ్గిర ఎవుర్నీ నిలబడనియ్యను. మొన్నొక పెళ్లికొడుకు మావయ్య ఇనకుండా నిలబడ్డాడు. సగం బొజ్జ ఎగిరిపోనాది. పైసా కర్సు లేకుండా సన్నబడ్డాడు!"

అన్ని వైపులా చూసే కెమెరాకి వెనక అనేది ఉండదు. అందుకే బటన్ నొక్కి ఏ కుర్చీల చాటుకో పరుగెత్తి దాక్కునేది. ఎన్ని పెళ్లిళ్లు తీసిందో, ఒక్క దాంట్లోనూ తను లేదు.

పోయిన ఎండాకాలం నేను డాబా మీద వడియాలు పెడుతుంటే ఆ కర్ర తెచ్చి మధ్యలో నిలబెట్టింది. బటన్ నొక్కి మెట్ల వైపు పరుగెత్తబోయింది. ఆ ఆరు కళ్లూ నన్నే చూస్తున్నట్టు భయమేసింది.

"నన్నొగ్గీసి ఎక్కడికెల్తన్నావే? నాకు బయంగా ఉంది."

"కెమెరాకి బయమేటమ్మా, కరుత్తాదేటి?" అని నవ్వింది. నవ్వింది గాని ఆగింది. నా పక్కకొచ్చి, ఎవరినీ నిలబడనివ్వని ఆ చోటే నిలబడింది.

ఆ వీడియో అతకకుండానే మా అమ్మాయి వెళ్లిపోయింది. పెద్దకర్మ అయ్యాక, స్టూడియోలో తనతో పనిచేసే పిల్ల పూర్తి చేసిస్తానని కంప్యూటర్ తెచ్చింది. చూడాలంటే భయం. చూడకపోతే అదీ పోతుందేమోనని ఇంకా భయం.

"పెద్దమ్మా, అక్క ఇద్దరుగా వచ్చింది. ఒకర్ని సెరిపేత్తే గాని సాపీగా రాదు."

ఒక బొమ్మలో మొహం తిన్నగా ఉంది, చెయ్యి లేదు. రెండో దాంట్లో మొహం సరిగా లేదు, జడ ఉంది, నా భుజం మీద వేసిన చెయ్యి ఉంది. మొహం చెరపమననా, చెయ్యి చెరపమననా? ఆ పిల్ల వేలు మౌస్ మీద కదలగానే దాని చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను.

"ఒద్దమ్మా. ఇద్దర్నీ ఉండనీ."

"అతుకు తెలిసిపోద్ది పెద్దమ్మా. అక్కైతే ఒప్పుకోదు."

"తెలవనీ."

ఇప్పుడు ఆ వీడియో తిప్పుతుంటే ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు వస్తాయి, కొండ వస్తుంది, దూరంగా గీతలా సముద్రం వస్తుంది. ఆ తర్వాత నిలువునా ఒక చీలిక. దానికి ఇటొకరు, అటొకరు మా అమ్మాయి. పక్కన పిండి చేతులతో నేను, ఎక్కడ వెళ్లిపోతుందోనని మెట్ల వైపే చూస్తున్నాను.