అక్క వెనక వరుస

ఆసియా దేశాల కుటుంబ చిత్రాల మీద నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో, ఆదివారాలు బెంగళూరు నుంచి హొసకోటెకు బస్సెక్కేవాణ్ని. అక్క అక్కడ గార్మెంట్స్‌లో కుట్టుపని చేసేది. బావ పోయాక అత్తమామలతో, పిల్లలతో ఒకే గదిలో ఉండేది. ఆ ఇంట్లో ఆమె కంట తడి పెట్టడం ఎవరూ చూడలేదు. ఇద్దరం కలిసి మ్యాట్నీకి పోయేవాళ్లం. హాల్లో మాత్రం ఏడ్చేది.

జపాన్, కొరియా, హాంకాంగ్ సినిమాలు యూనివర్సిటీలో క్యాసెట్లు వేసుకుని చూసేవాణ్ని. తల్లి దాచుకున్న జబ్బు, స్టేషన్లో వీడ్కోలు... అన్నీ మన సినిమాల్లోనూ ఉన్నవే. వాటిని చూసి మనిషి సరిగ్గా ఎక్కడ ఏడుస్తాడన్నది మాత్రం పుస్తకాల్లో దొరకలేదు. పక్క సీట్లో అక్క ఉంది కదా అనిపించింది. ఆనాటి నుంచి తెర వదిలేసి ఆమెను చూడటం మొదలుపెట్టాను.

చావుల దగ్గర అక్క ఏడ్చేది కాదు. తెర మీద ఎవరో మగవాడు గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి ఓ కేక వేస్తే చాలు, కొంగు నోట్లో కుక్కుకునేది. నాకు గొప్ప ఉదాహరణ దొరికిందని సంబరపడ్డాను. బావ గుర్తుకు రాలేదు.

బెంగళూరులో మా యూనివర్సిటీలో సెమినార్ జరిగితే, తమ్ముడి గొప్ప చూస్తుందని అక్కను తీసుకుపోయాను. ఇంగ్లీషులోనే మాట్లాడాను. అక్క కొంగు కుక్కుకునే తీరు చేసి చూపించాను. హాలంతా నవ్వింది. వెనక కుర్చీలో అక్క, చేతిలో ఉన్న కొంగును మెల్లగా వదిలేసింది.

తిరుగు బస్సులో అక్క అంది.

"ఇన్నాళ్లూ నువ్వు సినిమా చూస్తా ఉండావనుకుంటిని."

"చూస్తూనే ఉన్నానక్కా."

"నన్ను చూసేదానికి టికెట్టు ఎందుకప్పా? ఇంటికాడనే ఉండాను గదా." నవ్వబోయి ఆగిపోయింది. "చీకట్లో ఎవురూ చూడరని పోతా ఉంటి."

ఆ భాగం తీసేస్తానని గైడుతో చెప్పాను. సిద్ధాంత గ్రంథానికి అదే ప్రాణం అన్నాడాయన. నేను వాదించలేదు. 'మా అక్క' అన్నచోట 'ఒక ప్రేక్షకురాలు' అని మార్చి, ధర్మంగానే ఉన్నాననుకున్నాను. డిగ్రీ వచ్చింది. అక్క మాత్రం సినిమాకు రావడం మానేసింది. పిలిస్తే కాళ్లనొప్పులనేది. ఆమెకు ఉన్న ఒక్క చోటునూ నేనే లాక్కున్నానని అప్పటికిగానీ నాకు తెలిసిరాలేదు. ఒకరోజు ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె పిల్లలకు అన్నం వడ్డించింది.

కొన్నేళ్లకు, వర్తూరు వైపు కొత్త హాళ్లు వచ్చాక, తనే ఫోన్ చేసింది.

"పిక్చరుకి పోదామా? టికెట్లు మాత్రం ముందొకటి, ఎనకొకటి తీయల్ల. నువ్వు ముందర కూర్చో. మెడ తిరిగిందంటే చూడు!"

అలాగే తీశాను. సినిమా చాలా మామూలుది. అందులోనూ ఒకాయన ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడు. నా మెడ బిగుసుకుపోయింది. వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు, లేక వచ్చినా నేను వినదలచుకోలేదు. కాసేపటికి నా భుజం మీదుగా చక్కిలాల పొట్లం వచ్చింది. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి అందుకున్నాను.