నేను చదివి వినిపించని పందెం

మా నర్సమ్మ పోయింది. పోయిన మంగళవారం మధ్యాహ్నం మా ఆయన ఆత్మకూరు బస్సు డిపోలో పని వదిలేసి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పాడు. ఉదయగిరి నుంచి వచ్చిన డ్రైవరు డిపోలో చెప్పాడట. వరికుంటపాడు దారిలో సైకిలుకు స్టాండు వేసి, టీకాల పెట్టెను నీడలో పెట్టి, దాని మీద తడిగుడ్డ కప్పి, పక్కనే వేపచెట్టుకు ఆనుకుని కూర్చుందట. అటుగా పోయేవాళ్ళు అలుపు తీర్చుకుంటోందనుకున్నారు. చాలాసేపటికి గొర్రెలు తోలుకుపోతున్న ఒకామె పలకరిస్తే పలకలేదు.

"పెట్టెలో ఐసు?" అని అడిగాను నేను. ఎందుకడిగానో నాకే తెలియదు. కరగలేదని చెప్పాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. రాస్తే ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళలో ఆమెకే చెప్పుకోలేకపోయాను, కనీసం చదివేవాళ్ళకైనా చెబుతాను.

తొంభై మూడులో నేను ఉదయగిరి హైస్కూలుకు ఇంగ్లీషు టీచరుగా వెళ్ళాను. మా ఆయనది ఆత్మకూరులో ఉద్యోగం కాబట్టి ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. నేను అద్దెకు తీసుకున్నది సగం ఇల్లు. మిగతా సగంలో నర్సమ్మ ఉండేది. అరుగు మాత్రం ఇద్దరిదీ. అప్పటికే ఆమెకు నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. నల్లగా, పొడుగ్గా, పెద్ద పెద్ద పాదాలతో ఉండేది. గొంతు చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించేంత. నిజంగానే చెరువు గట్టున పుట్టిన మనిషి. వాళ్ళ నాయన చెరువులో చేపలు పట్టేవాడు. మిషన్ బడిలో చదివి, నర్సు ట్రైనింగు చేసి, చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసే ప్రభుత్వ ఉద్యోగంలో చేరింది.

ఆమె దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. ఒక్కో బిడ్డకు ఒక్కో పేజీ. ఏ బిడ్డకైనా టీకా తప్పిపోతే ఆ పేజీ కింది మూల మడిచేది. మళ్ళీ వెళ్ళి వేసి వచ్చాక మడత విప్పి, బొటనవేలి గోటితో రుద్ది చదును చేసేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎన్ని మూలలు మిగిలాయో చూసుకుంటే గానీ ఆమెకు అన్నం దిగేది కాదు. పెట్టె మూసేశాక పరుగెత్తుకొచ్చిన తల్లిని ఒక్కరోజు కూడా తిప్పి పంపలేదు. "ఆఖరున వచ్చినా వచ్చినట్టే గదమ్మా" అని మళ్ళీ తెరిచేది.

పల్లెలన్నీ సైకిలు మీదే తిరిగేది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఆమె సైకిలు తొక్కుతుంటే మొదట్లో నవ్వినవాళ్ళు తర్వాత దారిచ్చారు. ఇక ఈత ఆమెకు పుట్టుకతో వచ్చింది. చెరువు నిండినప్పుడు తెల్లవారుజామున చెరువులో, ఎండినప్పుడు ఒక రైతు మోటబావిలో ఈదేది. బావిలో గుండ్రంగానే కదా తిరగాలి. ఎప్పుడూ ఒకేవైపు తిరిగితే కుడి రెక్క వాస్తోందని ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తిరిగేది. కొండమీది దుర్గానికి మనం ఎక్కడానికి ఆయాసపడే దారిలో ఆమె గబగబా పరుగెత్తేది. ఇవన్నీ ఎందుకంటే ఒకటే జవాబు: "ఊరికే కూర్చుంటే నాకు కాళ్ళు గుంజుతాయి."

ఒకసారి కంటి ఆపరేషన్ల శిబిరానికి ఇంగ్లండు నుంచి ఒక పెద్ద వయసు నర్సు వచ్చింది. సీతారామపురం వైపు నుంచి మా నర్సమ్మ ఒక ముసలామెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని శిబిరానికి తేవడం చూసిందామె. అదే సాయంత్రం చెరువుకు అడ్డంగా ఈది వెనక్కి రావడమూ చూసింది. తాను ఈ వయసులో కూడా ట్రయాథ్లాన్ పందేలకు వెళ్తానని చెప్పింది. ముందు ఈత, నీళ్ళలోంచి లేచి సైకిలు, సైకిలు దిగి పరుగు, అన్నీ ఒక్క రోజులోనే. పెద్ద పందెమైతే సైకిలు ఒక్కటే ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు రెండుసార్లు పోయి వచ్చేదానికి కాస్త తక్కువ. నేనే ఆ మాటలు తెలుగులో చెప్పాను. నర్సమ్మ నోరు తెరుచుకుని విని, "దీనికి పందెం గూడా ఉండాదా? నేను రోజూ చేసేదే గదా" అంది.

తొంభై అయిదు జనవరిలో ఇంగ్లండు నుంచి ఒక ఉత్తరం, ఒక పత్రిక వచ్చాయి. ఆ ఏడాది యూరప్‌లో జరిగే పెద్ద పందేల జాబితా పత్రికలో ఉంది. నీ ప్రయాణం సంగతంతా మా చర్చి ఆడవాళ్ళం చూసుకుంటాం, పందెం ఎంచుకుని రాయడం ఒక్కటే నీ పని, వచ్చే ఏడాదికి నేను ఎలా ఉంటానో తెలియదు కాబట్టి ఈ ఏడాదే రావాలి అని ఉత్తరంలో ఉంది. నర్సమ్మ ఆ ఉత్తరాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది. మూడోసారికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటికి నాకు రెండో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. రెండోది ఏడో నెలలో, నెల్లూరు పోయే బస్సులోనే అయిపోయింది. మా అమ్మ లేదు. పుట్టింటికి పోయే దారీ లేదు. ఈసారి నర్సమ్మ ఉందన్న ఒక్క ధైర్యంతో ఉన్నాను. "ఆగస్టులో నువ్వుంటావు గదా అక్కా" అని పత్రిక రాకముందే అడిగాను. "ఎక్కడికి పోతాను తల్లీ" అంది.

పందెం ఎంచుకునే పని ఆదివారాలు చర్చి అయ్యాక అరుగు మీద జరిగేది. నేను చదవాలి, ఆమె వినాలి.

"నువ్వే చదువు టీచరమ్మా. మందు సీసాల మీద ఇంగ్లీషే నాకు వచ్చేది. కథా కాకరకాయా రాదు."

"జర్మనీ, జులై. వెయ్యి మందికి పైగా ఒక్కసారే నీళ్ళలో దిగుతారంట అక్కా."

"నేను తిరనాళ్ళకే పోను. నీళ్ళలో తిరనాళ్ళేంది? తియ్యి."

స్విట్జర్లాండు నచ్చింది గానీ అక్కడి నీళ్ళు బాగా చల్లనని ఉంది. ఎంత చలో చూద్దామని ఆత్మకూరు నుంచి బస్సు మీద ఐసు దిమ్మ తెప్పించింది. గోనెపట్టలో చుట్టి, పొట్టు వేసి మా ఆయనే తెచ్చాడు. దాన్ని పెద్ద గంగాళంలో వేసి, నీళ్ళు పోసుకుని, పెరట్లో కూర్చుంది. కాసేపటికి పళ్ళు టకటక కొట్టుకుంటూ లేచి, "నావల్ల గాదు టీచరమ్మా, నేనేమన్నా టీకా మందునా?" అంది. ఆ రోజు నవ్వినట్టు నేను మళ్ళీ నవ్వలేదు.

స్పెయిన్ దీవిలో పందెం మేలో ఉంది. అప్పటికి పాస్‌పోర్టు రాదు. ఇక ఫ్రాన్సులో కొండల మధ్య ఒకటి.

"కొండలు సరే. ఆలస్యంగా వచ్చేటోళ్ళని ఏం చేస్తారంట?"

"టైము దాటితే ఆపేసి, బండిలో ఎక్కించుకుని తెస్తారంట."

"బండెక్కి రావడానికి అంత దూరం పోవాల్నా? ఆఖరున వచ్చేదాని కోసం ఎవరన్నా నిలబడి ఉంటారా చూడు. నాకది చాలు."

జాబితాలో మిగిలింది ఒక్కటి. పేజీ కింది భాగంలో ఉంది. హాలండు, ఆగస్టు చివర. నేల చదును. నీళ్ళు మరీ చల్లగా ఉండవు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళకు ఊరివాళ్ళ ఇళ్ళలోనే బస. ఆ తర్వాత వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: చిట్టచివరి మనిషి వచ్చేదాకా ఊరంతా ముగింపు గీత దగ్గరే నిలబడుతుంది.

అది నర్సమ్మ కోసమే పెట్టిన పందెం. నేను మనసులో చదువుకున్నాను. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది.

"అంతే అక్కా" అన్నాను.

"చివరిదాకా చదివినావా?"

"చదివినాను."

"ఆ కింద ఇంకేందో ఉండాదే?"

"అది సైకిళ్ళ ప్రకటన అక్కా."

ఆమె కాసేపు నా మొహం చూసింది. నేను పత్రిక చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆమే లేచి, "సరేలే, ఈ ఏడు కుదరదని రాసెయ్యి ఆమెకి" అని లోపలికి వెళ్ళింది. ఆ ఉత్తరం నా చేత్తోనే రాశాను. తప్పుల్లేని మంచి ఇంగ్లీషులో రాశాను.

పోవద్దని అడిగి ఉంటే ఆగేది. ఆ సంగతి తెలిసే నేను అడగలేదు. అడిగి ఆపితే నేను ఆపినట్టవుతుంది. చదవకుండా వదిలేస్తే అసలు పందెమే లేనట్టవుతుంది కదా. నాది అంతటి పిరికితనం.

ఆగస్టు చివరి వారంలో బడిలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. పిల్లలు పరుగెత్తి చెబితే ఆమె ఏ పల్లెలోనుంచో సైకిలు మీద వచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోయే వ్యవధి లేదు. పేగు బిడ్డ మెడకు చుట్టుకుంది. "తొందరేం లేదు తల్లీ, నిదానంగా రా, నేనిక్కడే నిలబడుండా" అని బిడ్డతోనే మాట్లాడుతూ పేగు తప్పించింది. పుట్టిన బిడ్డ ఏడవలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. నర్సమ్మ బిడ్డ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదడం వినిపించింది. ఎంతసేపో తెలియదు. చివరకు సన్నగా ఏడుపు. "వచ్చింది! ఆఖరున వచ్చినా వచ్చినట్టే గదా" అని ఆమె ఏడుస్తూ నవ్వింది. నేను కూడా ఏడ్చాను. దేనికి ఏడుస్తున్నానో ఆమెకు తెలియదనుకున్నాను.

మరుసటి ఏడాది ఇంగ్లండు నుంచి వేరే చేతిరాతతో ఉత్తరం వచ్చింది. ఆ పెద్దామె మంచాన పడింది. పందెం మాట మా మధ్య మళ్ళీ రాలేదు. నర్సమ్మ మాత్రం బావిలో తిరగడం మానలేదు.

నాకు ఆత్మకూరుకు బదిలీ అయినప్పుడు బస్సు దాకా వచ్చింది. ఇక చెప్పేయాలనుకున్నాను. "అక్కా, ఆ పందేల పుస్తకంలో ఒకటి..." అన్నాను.

"బస్సు కదులుతుండాది, ఎక్కు ముందు. బిడ్డ తల జాగ్రత్త" అంది.

ఆ తర్వాత నెలకొకసారి సైకిలు మీద ఆత్మకూరు వచ్చేది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన నోటు పుస్తకం ఇచ్చేది. ఇవి పెద్దమ్మ పోయి వచ్చిన ఇళ్ళని చెప్పి, విప్పిన మడతల్ని గోటితో రుద్దడం దానికి ఆటగా నేర్పింది. అన్నం తిని మళ్ళీ బయలుదేరేది. "ఇంకోసారి పోయి వస్తే నీ పందెం సైకిలు అయిపోయినట్టే అక్కా" అని ఒకసారి నోరు జారాను. ఆమె చెయ్యి కడుక్కుంటూ, "అవును గదా" అంది. అంతే.

బుధవారం వాళ్ళ పల్లెలో, చెరువు దగ్గర మట్టి చేశారు. చెరువు నిండుగా ఉంది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతే నర్సమ్మ వాళ్ళ అక్క ఆపింది. "సీతారామపురం బస్సు రాలేదయ్యా. ఆ పక్క బిడ్డల తల్లులు వస్తారు. వాళ్ళు గూడా రానీండి." అందరం ఎండలో నిలబడ్డాం. చాలాసేపటికి బస్సు వచ్చింది. అందులోంచి దిగిన ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో గట్టు వెంబడి పరుగెత్తుకుంటూ వచ్చారు.

వచ్చేటప్పుడు వాళ్ళక్క నా చేతిలో ఒక రెగ్జిన్ సంచి పెట్టింది. "నీ ఇంగ్లీషు పుస్తకమంట. నీకే ఇమ్మని ఎప్పుడో చెప్పి పెట్టింది" అంది.

ఇంటికొచ్చి తెరిచాను. అదే పత్రిక. జాబితా ఉన్న పేజీ కింది మూల, హాలండు పందెం దగ్గర, లోపలికి మడిచి ఉంది. కొత్త మడత కాదు. అంచు నలిగి నలిగి గుడ్డలా మెత్తబడింది. మందు సీసాల మీద అక్షరాలు ఈ పత్రికలో అక్షరాల కంటే చాలా చిన్నవి. వాటిని చదివే మనిషి ఇది మాత్రం చదవలేదా? ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా తోచలేదు. చివరిదాకా చదివావా అని ఆమె నన్ను అడిగింది. కింద ఇంకేదో ఉందని చూపించి మరీ అడిగింది. నేను చెబుతానేమోనని చూసింది.

మా పాపకు నాలుగేళ్ళు. నా పక్కన కూర్చుని పత్రికలోకి తొంగి చూసింది. మూల మడత కనిపించగానే బొటనవేలు చాపింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దు తల్లీ."

"పెద్దమ్మ ఇంకా ఆడికి పోలేదా?" అని అడిగింది.

పోలేదని చెప్పాను. మడత అలాగే ఉంచి పత్రిక మూశాను.